పక్క చేలో నిలబడ్డ రైతు

నీట మునిగిన పంట ముందు నిలబడి ఫోటో దిగడానికి మొగుడికి ఇస్త్రీ చొక్కా కావాలట. పొద్దున్నే లేచి ఆమె ఆ చొక్కానే ఇస్త్రీ చేస్తోంది. ఒక చెయ్యి ఇస్త్రీపెట్టె మీద, ఒక కన్ను పొయ్యి మీది పాల మీద. గోళ్ళ సందుల్లో ఇంకా బురద. ఆరు రోజులు నీళ్ళు నిలిచిన మొక్కజొన్న చేలో కుళ్ళిన కంకులు ఏరి గట్టున పోసిన చేతులవి.

ఆయన పట్నంలో టైర్ల కొట్టులో పనిచేస్తాడు. ఆదివారం వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, సోమవారం పోతాడు. ఏడేళ్ళుగా దున్నించిందీ, విత్తిందీ, కలుపు తీసిందీ ఆమె. అయినా ఎవరైనా అడిగితే "మా ఆయన వ్యవసాయం" అంటుంది. అనకపోతే నోరు పెద్దదంటారు మరి! ఒకసారి "కాగితాల్లో నా పేరు కూడా ఉంటే..." అని గొణిగితే అత్తగారు పకపకా నవ్వింది. "వాడి పేరుంటే నీ పేరున్నట్టు కాదుటే పిచ్చిమొహమా? ఒక ఇంటికి ఇద్దరు యజమానులేమిటి?" ఆమె కూడా నవ్వేసింది. వరద కన్నా ముందే మన కొంపలు ముంచింది ఇలాంటి నవ్వులే.

నష్టం రాసుకునే ఆఫీసరు వచ్చాడు. వస్తూనే తేల్చి చెప్పాడు.

"భూమి ఎవరిదో నాకక్కర్లేదు. సాగుచేసిన మనిషి మునిగిన చేలో నిలబడాలి. ఈ ఫోను చోటు కూడా పట్టేస్తుంది. తేడా వచ్చిందా, సాయం రాదు. మళ్ళీ దరఖాస్తు లేదు."

ఆ సాయం రాకపోతే విత్తనాలు లేవు. విత్తనాలు లేకపోతే చేను బీడు. ఇంట్లో ఆ సంగతి తెలిసింది ఆమెకొక్కదానికే.

"రైతు?" అన్నాడు ఆఫీసరు.

"నేనేనండి."

"ఈవిడ?"

"మా ఆవిడ. ఖాళీయేనండి. ఇంట్లోనే ఉంటుంది."

ఆఫీసరు 'పని లేదు' అని రాసుకున్నాడు. టీ గ్లాసులు పట్టుకుని ఆమె అక్కడే ఉంది. మొగుడు కోపంతో అనలేదు, వెటకారంగానూ అనలేదు. అయ్యో, నిజమనుకునే అన్నాడు! ఆమెకు మింగుడుపడనిది అదే.

చేల దగ్గరికి ఆయనే ముందు నడిచాడు. పాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు దిగి నిలబడ్డాడు. ముఖం దీనంగా పెట్టాడు.

"ఏమే, అడ్డం జరుగు. సార్, సరిగ్గా పడ్డానా?"

అది పక్కవాళ్ళ చేను.

ముందు హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. కాదు. వరదకు గట్టు సగం కోసుకుపోయింది నిజమే, కానీ చేను పోల్చుకోవడానికి ఆ మిగిలిన సగం చాలదా? ఏడేళ్ళు తిన్న తిండి ఏ మట్టిలోంచి వచ్చిందో ఈ మనిషికి తెలియదు! ఆమె కాళ్ళు ఎక్కడ పగిలాయో, నడుము ఎక్కడ విరిగిందో, ఒక్కసారీ చూడలేదు. ఇక్కడ ఆమెకు బాగా అలవాటైన పని ఒకటుంది. కనుసైగ. ఆయన పరువు పోకుండా, ఎవరికీ తెలియకుండా, తప్పు దిద్దడం. సైగ చేస్తే గెంతి ఇటు వస్తాడు, రైతైపోతాడు. ఊరుకుంటే చేను బీడు పడుతుంది.

సైగా చెయ్యలేదు, ఊరుకోనూ లేదు. చీర ఎగదోపి తన చేలోకి దిగింది. మోకాళ్ళదాకా బురద.

"సార్, మాది ఇదీ. ఆయన నిలబడ్డది పక్కవాళ్ళది."

"ఏయ్, మతిపోయిందా? పైకి రా!" ఆయన అరిచాడు. "గట్లు కొట్టుకుపోయి పోల్చుకోలేకపోయానంతే సార్."

ఆఫీసరు ఫోను దించాడు. "సరే, విత్తనం ఎప్పుడు వేశారు?"

ఆయన అలవాటుగా పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఆయన్ని చూడలేదు. విత్తిన రోజు, మొలక చచ్చిన సాళ్ళు మళ్ళీ విత్తిన రోజు, నీళ్ళు ఏ మూల నుంచి ఎక్కాయో, అన్నీ ఆఫీసరుకే చెప్పింది.

ఆఫీసరు కాగితం మీద 'పని లేదు' అన్నచోట ఒక గీత కొట్టాడు.

"పేరు చెప్పమ్మా."

చెప్పింది. పక్క చేలోకి వినబడేలా చెప్పింది.