ఐవీ కింద మూడాకులు

రెండు రోజులు కురిసిన మార్చి వాన ఆగిందంటే మా పోర్ట్‌లాండ్‌లో ఐవీ తీగ పీకడానికి అంతకన్నా మంచి రోజుండదు. నేల మెత్తబడి వేళ్ళతో సహా వచ్చేస్తుంది. తెల్లారేసరికే బూట్లు తొడుక్కుని పెరట్లో ఉన్నాను.

గరాజ్‌లో తడి కాగితాల్లో చుట్టిన, నీడలో పెరిగే నలభై ఫెర్న్ మొక్కలున్నాయి. ఏడాదికోసారి జరిగే అడవి మొక్కల అమ్మకంలో వానలో నిలబడి తెచ్చుకున్నవి. వేళ్ళకి మట్టి లేదు, రేపటిలోగా నాటకపోతే ఎండి చస్తాయి. నాటాలంటే ఫర్ చెట్ల నీడంతా ఆక్రమించిన ఐవీ పోవాలి. దాన్ని వేసింది మా అత్తగారు వెర్నా. ఇల్లు మాకిచ్చి పక్క వీధికి మారారు కానీ, పెరటి మీద పెత్తనం మాత్రం వదల్లేదు.

కాఫీ కప్పుతో ఆవిడ రానే వచ్చారు.

"ముప్ఫై ఏళ్ళు పచ్చగా ఉంచాను. నువ్వొచ్చి బోడిగుండు చేస్తున్నావు!"

"బోడిగుండు కాదత్తయ్యా, పేలు తీస్తున్నా."

నోరు జారాను. ఆవిడ ముఖం ముడుచుకున్నారు. ఈవిడ గట్టిగా వద్దంటే మా ఆయన నోరెత్తడు, నా ఫెర్న్‌ల పని అంతే.

అందుకే ఇంకా జోరు పెంచాను. తోట కత్తెరతో అంచు కోసి, మోకాళ్ళ మీద పాకుతూ తీగల్ని చాపలా చుట్టేస్తుంటే ఎంత సంబరమో! ఒక్కో చుట్ట నా నడుమెత్తు. వెనకే అట్టపెట్టెలు విప్పి నేల మీద పరిచాను. మా పేటలో అందరూ చేసేదే, వెలుతురు లేక నేలలో మిగిలిన ఐవీ వేళ్ళు చస్తాయి, ఫెర్న్‌లకి అట్టలో చిల్లులు పెడితే చాలు. సగం పెరడు కప్పేశాను.

"ఆగవే!" అత్తగారు అరిచారు.

అట్ట పట్టుకునే తలెత్తాను. ఆవిడ అట్ట పక్కన వంగి ఏదో చూస్తున్నారు. పాలిపోయిన మూడాకుల మొలక.

"ట్రిలియం! ఇక్కడి అడవి పూల మొక్క! నేను కాపరానికొచ్చినప్పుడు ఇక్కడంతా తెల్లగా పూసేవి. ఐవీ వేశాక చచ్చాయనుకున్నా." ఆవిడ మొలక మీది మట్టిని వేలితో తుడిచారు. "నీ అట్టల కిందెన్ని ఉన్నాయో! లాగు, లాగు!"

ఇద్దరం వెర్రెత్తినట్టు అట్టలన్నీ పీకి పారేశాం. ఒకటి, ఇక్కడొకటి, అక్కడ రెండు! మొత్తం పదకొండు. అత్తగారు బురదలో చతికిలబడి పసిపిల్లలా నవ్వారు.

"వీటిని కదిలిస్తే బతకవు, చుట్టూ చోటు వదలాలి," అన్నాను. "ఫెర్న్‌లు సగం మిగిలిపోతాయి అత్తయ్యా."

ఆవిడ నా పక్కన పడున్న కత్తెర లాక్కుని లేచారు.

"మిగిలినవి మా ఇంటికి పట్రా. అక్కడ కూడా ఐవీయే వేసి చచ్చాను."