నవ్వు మానేసిన డ్రైవరమ్మ

ఆ బస్సు డిపోలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనే పిలిచేవారు. డ్రైవర్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే కావడంతో ఆ మాట ఆమెకే అతుక్కుపోయింది. కాస్త బొద్దు మనిషి. ఎంత ఇరుకు మలుపులోనైనా పక్క అద్దానికి గీత పడకుండా బస్సు తిప్పేది. దేనికీ తొణకదు, ఒక్క నవ్వుకు తప్ప. నవ్వొచ్చిందంటే మాత్రం బస్సు ఆగేదాకా పళ్ల బిగువున ఆపుకుని, ఆగగానే స్టీరింగు మీద తల ఆనించి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేది.

నవ్వించేవాడు కూడా ఆ బస్సులోనే ఉన్నాడు. కండక్టరు. అతనికి రేడియో అని పేరు పెట్టారు, ఎందుకంటే పొద్దున డ్యూటీ ఎక్కితే సాయంత్రం దిగేదాకా నోరు మూతపడదు. కిటికీ దగ్గర సీటు కోసం పోట్లాడుకుని తీరా సీటు దొరికాక నిద్రపోయేవాళ్లనీ, దిగాల్సిన స్టాపు దాటిపోయాక లేచి బస్సుదే తప్పన్నట్టు చూసేవాళ్లనీ అచ్చు గుద్దినట్టు చేసి చూపించేవాడు. ఆమెను అక్కా అనేవాడు, ఆమె భర్తను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఒకే బస్సులో తిరగడంతో ఏర్పడిన వరస అది.

ఆమెకు నెలసరి ఆగిపోయాక మొదలైంది గొడవ. మొదట్లో తుమ్మితే ఒకటి రెండు చుక్కలు. వయసు అనుకుని ఊరుకుంది. తర్వాత దగ్గినా అంతే. ఆ తర్వాత బస్సు గుంతలో పడి లేచినప్పుడల్లా గుండె ఝల్లుమనేది, ఎక్కడ తడిసిందో అని. చివరి స్టాపు కనబడిందంటే చాలు, ఇక ఒక్క క్షణం ఆగేలా ఉండేది కాదు. అక్కడ మరుగుదొడ్డి ఉంది కానీ దానికి ఎప్పుడూ తాళమే. మగ డ్రైవర్లకు ఆ తాళంతో పనిలేదు, గోడ వెనక్కి వెళ్లొచ్చేవారు. ఆమె మాత్రం రోడ్డు దాటి, ఓ మందుల షాపు వాళ్లని బతిమాలుకునేది.

ఒకనాటి మధ్యాహ్నం చివరి స్టాపులో జనమంతా దిగిపోయారు. ఆ రోజు ఓ పెద్దాయన బయటికి తోయాల్సిన తలుపును లోపలికి లాగుతూ, తలుపుతోనే వాదం పెట్టుకున్నాడు. రేడియో ఆ పెద్దాయనా తానే, తలుపూ తానే అయి ఆ వాదాన్ని మళ్లీ నడిపించాడు. డ్రైవరమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా కింద వెచ్చగా తగిలింది. ఆపుకోబోయింది, ఆగలేదు. సీటంతా తడిసిపోయింది.

నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

"నువ్వెళ్లి టీ తాగిరా పో," అంది, అతనివైపు చూడకుండా.

"నువ్వు రావా అక్కా?"

"పొమ్మన్నానా."

అతను దిగగానే నీళ్ల సీసా మూత తీసి, ఉన్న నీళ్లన్నీ ఒళ్లోనూ సీటు మీదా ఒంపేసుకుంది. తిరిగొచ్చిన రేడియో అది చూసి, ఎక్కడినుంచో పాత పేపర్లు తెచ్చి సీటు మీద పరిచాడు. "సీసా ఒలికిందా? ఏం కాదులే అక్కా, నీళ్లేగా. ఎండకి ఆరిపోతాయి," అన్నాడు. పాపం మంచిగానే అన్నాడు. ఆమెకు మాత్రం ప్రాణం చివుక్కుమంది.

ఆ రోజునుంచి ఆమె నీళ్లు తాగడం మానేసింది, నవ్వడం మానేసింది. పొద్దున ఇంట్లో తాగిన టీ తప్ప మళ్లీ డ్యూటీ దిగేదాకా గొంతు తడుపుకునేది కాదు. రేడియో ఏదైనా మొదలెడితే, "ముందు పని చూసుకో," అనేది. అతను కొన్నాళ్లు రకరకాలుగా ప్రయత్నించాడు. ఎంత చేసినా ఆమె ముఖం మాడ్చుకుని అద్దంలోకే చూస్తుంటే, మెల్లగా గొంతు తగ్గించాడు. తర్వాత బస్సు వెనక తలుపు దగ్గరే నిలబడటం అలవాటు చేసుకున్నాడు.

ఇంట్లో ఇంకో తంటా. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పక్క తడిసి ఉంది. పక్కన భర్త అటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన కిటికీలకు అద్దాలు కోసి బిగించే పని చేస్తాడు, రోజంతా నిలబడి అలిసిపోయి ఒళ్లెరక్కుండా నిద్రపోతాడు. ఆయన లేచేలోపు దుప్పటి లాగేసి, ఉతికి, పరుపు మీద పాత తువ్వాలు కప్పింది. ఆ సాయంత్రమే, "నాకు నడుం నొప్పిగా ఉంది, గట్టి నేల మీదైతే బాగుంటుంది," అని చెప్పి చాప పట్టుకుని పక్క గదిలోకి మారిపోయింది.

ఆయన రెండు మూడు రోజులు చూసి, "నేను గురక పెడుతున్నానా?" అని అడిగాడు.

"అబ్బే, అదేం లేదు. నడుమే."

ఆయన నమ్మలేదు. గురకకు మందు ఏదో అడిగి తెచ్చుకున్నాడు. రోజూ పడుకునే ముందు ముక్కులో చుక్కలు వేసుకుని, దిండ్లు ఎత్తు పెట్టుకుని, పక్కకు తిరిగి పడుకునేవాడు. పొద్దున్నే లేచి, "రాత్రి వినబడిందా?" అని అడిగేవాడు. ఆమె మాట దాటేసేది.

ఇలా ఉండగా డిపోలో సూపర్వైజరు ఆమెను పిలిచి, "మీ కండక్టరు బస్సు మార్చమని అడిగాడు. మీకూ అతనికీ పడటం లేదా?" అన్నాడు.

"అలా అని చెప్పాడా?"

"ఏం చెప్పలేదు. అక్కకు నేనంటే విసుగొచ్చింది, వేరే ఎవరినైనా వేయండి అన్నాడంతే."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెళ్లి అడుగుదామంటే ఏమని అడగాలి? కారణం చెప్పకుండా ఉండమనడం ఎలా?

ఆ వారంలోనే ఒంట్లో బాగా తేడా చేసింది. రెండు రోజులనుంచి మూత్రం మంట, నడుంలో నొప్పి, ఒంట్లో చలి. బస్సు సగం దారిలో ఉండగా కళ్లముందు రోడ్డు ఊగినట్టనిపించింది. తర్వాతి స్టాపులో బస్సును జాగ్రత్తగా పక్కకు తీసి, ఇంజను ఆపి, బ్రేకు వేసింది. లేవబోతే కాళ్లు సహకరించలేదు. వెనకనుంచి రేడియో పరిగెత్తుకొచ్చాడు. నుదురు ముట్టుకుని చూసి, జనాన్ని వెనకాల వచ్చిన బస్సెక్కించి, డిపోకు ఫోను చేసి, ఆమెను టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. రేడియో మాట్లాడకపోతే ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "ఇన్ఫెక్షను. ఒంట్లో నీళ్లే లేవు. ఎందుకు తాగడం లేదు?" అంది.

నీళ్లు తాగని మనిషి ఇక నీళ్లు నమలడం మొదలెట్టింది. అటు గోడ చూసింది, ఇటు కిటికీ చూసింది. డాక్టరమ్మ గుమ్మంలో ఉన్న రేడియో వైపు చూసి, "బాబూ, కాస్త బయట కూర్చో," అంది. తలుపు మూసుకున్నాక డ్రైవరమ్మ తలెత్తకుండానే అంతా చెప్పేసింది. సీటు సంగతీ, పక్క సంగతీ, చాప సంగతీ. చెబుతుంటే ముఖం వేడెక్కిపోయింది.

"నవ్వినా దగ్గినా పడుతోందా, లేక వచ్చిందనిపించగానే ఆపుకోలేకపోతున్నారా?"

"రెండూనండి."

"రెండూ కలిసి ఉంటాయి చాలామందికి," అంది డాక్టరమ్మ, దగ్గూ జలుబూ గురించి చెప్పినట్టు. "నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా చికాకు పెడుతుంది, ఇంకా తొందర చేస్తుంది. ముందు జ్వరం తగ్గనివ్వండి. తర్వాత పక్క గదిలో ఫిజియోథెరపీ ఆమెను కలవండి."

జ్వరం తగ్గాక వెళ్లి కలిసింది. ఆ ఫిజియోథెరపీ అమ్మాయి మాటకారి కాదు కానీ ఓపికస్తురాలు. మూత్రాన్ని ఆపే కండరాలు ఎక్కడుంటాయో, వాటిని ఎలా పైకి బిగించాలో, ఎలా వదలాలో నేర్పింది. తొడలు బిగించకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. కూర్చునీ చేయొచ్చు, నిలబడీ చేయొచ్చు. తుమ్ము వచ్చేముందు ఒకసారి బిగిస్తే మంచిది. తేడా తెలియడానికి నెలలు పడుతుంది, మానేయకూడదు. అప్పటిదాకా లోపల ప్యాడు పెట్టుకుని హాయిగా తిరగొచ్చు.

"నాకొక్కదానికే ఇలా వచ్చిందనుకున్నాను," అంది డ్రైవరమ్మ.

"పొద్దున్నుంచి నా దగ్గరికి వచ్చిన వాళ్లంతా ఇదే మాట అన్నారండి," అంది ఆ అమ్మాయి.

మళ్లీ డ్యూటీలో చేరిన రోజు, చివరి స్టాపులో జనం దిగిపోయాక, వెనక తలుపు దగ్గరున్న రేడియోను ఆమె పిలిచింది.

"ఇలా రా. కూర్చో. నువ్వు బస్సు మారతానన్నావట."

"నీకు ఇబ్బందిగా ఉంటుందని అక్కా."

"ఇబ్బంది నీతో కాదురా. నువ్వు నవ్విస్తే నాకు ఆగడం లేదు. ఒంటేలు. అర్థమైందా? ఆ రోజు సీటు మీద పోసింది నీళ్లే, కానీ ముందు తడిసింది నీళ్లకి కాదు."

రేడియో టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని దాని పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. జోకు వేస్తాడేమోనని ఆమె భయపడింది.

"మీసాలొచ్చేదాకా నేను పక్క తడిపేవాణ్ణి అక్కా," అన్నాడు చివరికి. "మా నాన్న రోజూ పరుపు తెచ్చి వీధివైపు గోడ మీద ఆరేసేవాడు. పదిమందీ చూస్తే సిగ్గొచ్చి మానేస్తానని. సిగ్గయితే వచ్చింది, అది మానలేదు."

"మరెలా పోయింది?"

"ఏమో, దానంతటదే. ఓ పొద్దున లేచేసరికి పొడిగా ఉంది. ఎవరికి చెప్పుకోను? తడిసినప్పుడు వీధంతా తెలిసింది, ఆరినప్పుడు నాకొక్కడికే తెలిసింది."

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండింటిలో నవ్వే ముందుగా వచ్చేసింది. ఆపబోయింది, మళ్లీ వద్దులే అనుకుంది. కాస్త పడింది కూడా. ప్యాడు ఉంది కాబట్టి దిగులు పడలేదు. రేడియో అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ, "బాగానే ఉందా అక్కా?" అని మాత్రం అడిగాడు.

ఆ సాయంత్రం భర్తకూ చెప్పింది. ఆయన పని నుంచి వచ్చి, వేలికి గుచ్చుకున్న గాజు ముక్క తీసుకుంటున్నాడు. ఆమె చెబుతున్నంతసేపూ వేలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అంతా విన్నాక ఆయన అడిగిన మొదటి మాట, "అయితే గురక కాదా?"

"కాదయ్యా. నీ గురక నేనెప్పుడూ విననే లేదు."

"ఆ చుక్కలకి నా ముక్కంతా మండిపోయింది తెలుసా?"

తర్వాత ఆయన టేపు తీసుకుని పరుపు కొలిచాడు. పొడవు, వెడల్పు, మందం. అద్దం కొలిచే మనిషి కదా, ఒకటికి రెండుసార్లు కొలిచాడు. మర్నాడు నీరు దిగని షీటు తెచ్చి, పరుపు మీద ముడత లేకుండా పరిచి, చాపను చుట్టి మూలన పెట్టేశాడు.

"మళ్లీ తడిస్తే?" అంది ఆమె గుమ్మంలోనే నిలబడి.

"తడిస్తే దుప్పటి మారుద్దాం. నువ్వొక్కదానివే ఎందుకు మార్చుకోవాలి?"

ఇక మిగిలింది తాళం. ఆమె సూపర్వైజరు దగ్గరికి వెళ్లి, చివరి స్టాపులో మరుగుదొడ్డి తెరిచి ఉంచాలని, వెళ్లి రావడానికి బస్సు ఆగే టైము కాస్త పెంచాలని నేరుగా అడిగింది. ఆయన ఇబ్బందిగా కదిలి, "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదే," అన్నాడు. అప్పుడే లోపలికి వచ్చిన సీనియరు డ్రైవరొకాయన, అందరికంటే గట్టివాడని పేరున్నాయన, గొంతు సవరించుకుని, "తెరిచి ఉంచండి సార్. ఆ గోడ వెనక నిలబడి నిలబడి నా ప్రాణం పోతోంది. నాకూ ఇప్పుడు ఓ పట్టాన అవదు, ఓ పట్టాన ఆగదు," అన్నాడు. సూపర్వైజరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తాళం తీయించాడు. టైము సంగతి మాత్రం పైవాళ్లకు చెబుతానన్నాడు. అది ఇంకా చెబుతూనే ఉన్నాడు.

రేడియో మార్పు ఆగలేదు. అతనే వెళ్లి వద్దన్నా, అప్పటికే ఆర్డరు అయిపోయింది. అతను వేరే రూటుకు వెళ్లాడు. ఆమె బస్సుకు వచ్చిన కొత్త కండక్టరు పొద్దున వచ్చానంటాడు, సాయంత్రం వెళ్తానంటాడు, మధ్యలో టికెట్ టికెట్ తప్ప మాటే ఉండదు. ఆయనతో నవ్వొచ్చే ప్రమాదమే లేదు. ఆ నిశ్శబ్దంలో ఎర్ర లైటు పడినప్పుడల్లా ఆమె తన వ్యాయామం తాను చేసుకునేది, బిగించి, వదిలి, మళ్లీ బిగించి. బయటినుంచి చూసేవాళ్లకు సిగ్నలు కోసం చూస్తున్నట్టే ఉండేది. రెండు బస్సులూ చివరి స్టాపులో కలిసిన రోజు రేడియో పరిగెత్తుకొచ్చి, ఆ కొత్తాయన టికెట్ అనే తీరు ఎలా ఉంటుందో చేసి చూపించి పోయేవాడు.

వర్షాలు వెళ్లి చలి వచ్చేసరికి తేడా బాగానే తెలిసింది. సీటు మళ్లీ తడవలేదు. గట్టిగా తుమ్మితే ఇప్పటికీ నమ్మకం లేదు కాబట్టి ప్యాడు మానలేదు, సంచిలో ఇంకొకటి ఉంటుంది. నీళ్లు మాత్రం వేళకు తాగుతోంది. పక్క తడవడం బాగా తగ్గింది. పూర్తిగా పోయిందా అంటే పోలేదు.

మొన్నొక తెల్లవారుజామున ఆమెకు మెలకువ వచ్చింది. చేత్తో తడిమి చూసుకుని, చప్పుడు కాకుండా లేచింది. అటువైపు ఆయన కూడా కళ్లు నలుపుకుంటూ లేచి కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. దుప్పటి తన వైపు రెండు మూలలూ ఎత్తాడు. ఆమె తన వైపు రెండు మూలలూ ఎత్తింది. ఇద్దరూ కలిసి మడిచి బకెట్లో వేశారు. "ఇవాళ ఎండ బాగా కాసేలా ఉంది," అన్నాడాయన కిటికీలోంచి చూసి. ఆమె స్నానానికి నీళ్లు పెట్టుకోవడానికి వెళ్లింది. మొదటి బస్సు ఆమెదే.