చంకలో చెకింగు

ఆ పుంజుకి చెకింగు అని పేరు పెట్టింది టైలరమ్మ భర్త. ఆయన బస్సు డ్రైవరు. దారిలో ఎక్కడో చెట్టు చాటునుంచి ఊడిపడి టికెట్లు అడిగే చెకింగువాళ్ళంటే ఆయన బస్సులో అందరికీ ఎంత హడలో, ఈ పుంజంటే పెరట్లోకి వచ్చేవాళ్ళకి అంత హడలు. ఎటునుంచి వస్తుందో తెలియదు. మెడ ఈకలు నిక్కబొడుచుకుని, ఒక రెక్క నేలకి వాల్చి కాలు దువ్విందంటే ఎదుటివాళ్ళ పిక్కలకి మూడినట్టే.

టైలరమ్మ కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల పెరటి చివర రేకుల షెడ్డులో ఉంటాయి. అక్కడికి పోవాలంటే పెరడు దాటక తప్పదు. అందుకని రెండు నెలలుగా వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. జాకెట్టు కుట్టడానికిచ్చిన ఒకావిడైతే, లోపలికి రానుగాక రానని, తయారయ్యాక గోడమీంచి విసిరేయించుకుని అక్కడే పట్టుకుంది.

ఇప్పుడు శనివారం పదింటికి బడి హెడ్‌మిస్ట్రెస్‌గారు వస్తున్నారు. బడి పిల్లలందరి యూనిఫారాలు నిరుడు బజారులోని పెద్ద దుకాణానికి పోయాయి. ఈసారి ముందు ఒక జత కుట్టి చూపించమన్నారు. కుట్టే చోటు కూడా తన కళ్ళతో చూస్తానన్నారు. ఆ పని దక్కితే టైలరమ్మ షెడ్డు నిలుస్తుంది. దక్కకపోతే షెడ్డుకి తాళం వేసి, అదే బజారు దుకాణంలో గుండీలు కుట్టే పనికి కుదరాలి. ఆ దుకాణం యజమాని ఈ మధ్య రెండుసార్లు కబురు కూడా పంపాడు.

పుంజుని శనివారం తెల్లారేసరికి కూర చేసేస్తే పీడా పోతుందని అత్తగారు మసాలా నూరడానికి సిద్ధపడింది. డ్రైవరు ఫోనులో ససేమిరా అన్నాడు. అరచేతిలో నూకలు పెట్టి పెంచిన పుంజు అది. ఆదివారం తను డ్యూటీ దిగి వచ్చేసరికి దాని ఒంటిమీద ఈక తగ్గినా ఊరుకునేది లేదన్నాడు.

సరేనని టైలరమ్మ దాన్ని గంప కింద మూసింది. పుంజు గంపతో సహా పరుగందుకుంది. గంప తనంతట తాను పెరడంతా తిరుగుతుంటే పెట్టలు హడలెత్తి గోడెక్కి కూర్చున్నాయి. ఆ దెబ్బకి రెండు రోజులు గుడ్డు పెడితే ఒట్టు.

ఇక తనకి తెలిసిన విద్య ఒకటే. పుంజు కాళ్ళ వెనకుండే ముళ్ళకి మందపాటి సంచిగుడ్డతో తొడుగులు కుట్టాలనుకుంది. అత్తగారు తువ్వాలు కప్పి పట్టుకుంటే, టేపు పెట్టి కొలతలు తీసుకుంది. కుట్టు ముత్యాల్లా వచ్చింది. కానీ పదిహేనేళ్ళుగా బడి పిల్లల నిక్కర్లు కుట్టిన చెయ్యి కదా, పెరిగే వయసని అలవాటుకొద్దీ వదులుంచేసింది. పుంజు నాలుగడుగులు వేసేసరికి తొడుగులు రెండూ జారిపోయాయి. ఐదో అడుగు టైలరమ్మ పిక్కమీద పడింది.

"దాచిపెట్టు. పెద్దయ్యాక తొడుక్కుంటాడు," అంది అత్తగారు.

శుక్రవారం టైలరమ్మ కుంటుకుంటూ పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు లేడు. కాంపౌండరు మాత్రం ఆమె పిక్కకి మందు రాస్తూ ఓపిగ్గా విన్నాడు.

"మీరు వెనకడుగు వేసినప్పుడల్లా తను గెలిచాననుకుంటాడమ్మా," అన్నాడు. "ఎత్తి చంకలో పెట్టుకోండి. పెట్టల ముందు నాలుగు చుట్లు తిప్పండి. పరువు పోయినవాడు పొడవడు."

సాయంత్రం ఆమె పళ్ళ బిగువున తువ్వాలు విసిరి, పుంజుని ఎత్తి చంకలో ఇరికించుకుంది. ఆశ్చర్యం, అది కిక్కురుమనలేదు. కళ్ళు సగం మూసి, మెడ ఆమె మోచేతిమీద వాల్చింది. ఆమె మురిసిపోయి దించింది. దించీ దించగానే అది ఎగిరి పొడిచింది. మళ్ళీ ఎత్తింది. చీకటి పడేదాకా అదే తంతు. ఎత్తుకుంటే పసిబిడ్డ, దించితే పాత చెకింగే.

శనివారం పొద్దున పుంజుని చంకలో పెట్టుకుని ఆమె పెట్టల ముందు మూడో చుట్టు తిరుగుతుండగా గేటు చప్పుడైంది. హెడ్‌మిస్ట్రెస్‌గారు అరగంట ముందే వచ్చేశారు. టైలరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇదేంటమ్మా?" అన్నారావిడ.

"పుంజండీ."

"అది తెలుస్తూనే ఉంది."

కొత్తవాళ్ళని చూస్తే దానికి భయమని, అందుకే ఎత్తుకున్నానని టైలరమ్మ నోటికొచ్చింది చెప్పింది. వాడికి భయమేంటే అని అత్తగారు వసారాలోంచి అందుకుంది.

షెడ్డులో హెడ్‌మిస్ట్రెస్‌గారు చొక్కా కాలరు తిప్పి చూశారు, గుండీలు లాగి చూశారు. తర్వాత నిక్కరు తీసి బల్లమీద పెట్టారు. నిరుడు కుట్టినవి మొదటి ఆటల పీరియడుకే వెనక పిగిలిపోయాయని, పిల్లలు పుస్తకాల సంచీలు అడ్డం పెట్టుకుని ఇంటికి పోయారని చెప్పి, ఆ వెనక కుట్టు పట్టుకుని గట్టిగా లాగి చూపించమన్నారు.

దానికి రెండు చేతులూ కావాలి. టైలరమ్మ నిక్కరుని చూసింది, పుంజుని చూసింది. ఇక అబద్ధం అల్లే ఓపిక లేకపోయింది.

"దించితే పొడుస్తాడు మేడమ్. మీరనీ చూడడు, నేననీ చూడడు. మచ్చిక చేద్దామని నిన్నట్నుంచీ చస్తున్నా, నా వల్ల కాలేదు. వాణ్ణి చూసి నా పనిని తీసిపారెయ్యకండి. కుట్టు చూసి చెప్పండి."

హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. చేతిసంచి బల్లమీద పెట్టారు.

"ఇలా ఇవ్వు," అన్నారు.

పుంజు ఆవిడ చంకలోకి మారింది. హాజరు రిజిస్టరు పట్టుకున్నట్టు పట్టుకున్నారావిడ. టైలరమ్మ నిక్కరుని రెండు చేతులా పట్టి, ఒక కాలు బల్లకి తన్నిపెట్టి, ముఖం కందిపోయేలా లాగింది. బల్ల జరిగింది. కుట్టు చెక్కుచెదరలేదు.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఈ ఏడు పని నీదేనమ్మా అన్నారు. టైలరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పుంజుని తీసుకోవాలన్న సంగతే మర్చిపోయింది. ఆవిడా తీసుకోమనలేదు. నాకేసి చూస్తున్నాడు, ఇప్పుడు చేతులు మారిస్తే బాగుండదన్నారు. అలాగే చంకలో పెట్టుకుని గేటుదాకా నడిచారు, బయటికి అడుగుపెట్టారు, గడియ తనే వేశారు. అప్పుడు గేటు మీదుగా పుంజుని అందించి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"కొలతలకి పిల్లల్ని ఇక్కడికి పంపను. సోమవారం నువ్వే బడికి రా," అన్నారు.

రెండడుగులు వేసి, అనుమానంగా వెనక్కి తిరిగారు.

"ఒక్కదానివే రా."