మామయ్య నడిచిన గీత

మామయ్య పోయి రెండేళ్లయింది. గోధుమ చేలో నడవడం మాత్రం మానలేదు.

నిరుటిదాకా బీడుగా ఉన్న నల్లటి చిత్తడి నేల అది. ఈసారే దున్ని విత్తారు. ఆకుల కొసలు తెల్లబడి మెలితిరిగాయి. ముందు తీసిన వెన్నులన్నీ తాలు. నిమ్మతోట నుంచి బావి దాకా జానెడు వెడల్పున ఒక్క గీత మాత్రం పచ్చగా గింజ కట్టింది. సగం దూరంలో ఆ గీత దేన్నో తప్పించుకున్నట్టు పక్కకు వంగి మళ్లీ దారిలో పడింది. అక్కడ ఏమీ లేదు.

“పెద్ద మోడుండేదే అక్కడ,” అంది అత్త, గట్టు దిగకుండా. “పీకేశాక కూడా ఆయన చుట్టు తిరిగే వెళ్లేవాడు. ఇంకా తిరుగుతున్నాడు, చూడు.”

“దయ్యం పట్టిన చేను. రేపే దున్నించేస్తా,” అన్నాడు కొడుకు.

“దయ్యమై కూడా ఆయన పని మానలేదు. బతికున్న మీరేమో ట్రాక్టరుకి కబురు పెట్టారు,” అంది కోడలు.

కొట్టంలో మేకుకి మామయ్య చెట్లకు మందు కొట్టే డబ్బా వేలాడుతోంది. దాని కింద నేల ఇంకా నీలంగానే ఉంది. కోడలు డబ్బాలో నీళ్లు పోసి చూసింది. అడుగున అతుకులోంచి టప్, టప్.

నిమ్మచెట్లకు మైలుతుత్తం కొట్టి, డబ్బా కడగడానికి ఆయన ప్రతిసారీ బావికి వెళ్లిన దారి అది.

“అత్తా, ఈ నేలలో రాగి లేదు. రాగి లేకపోతే పుప్పొడికి సత్తువుండదు, గింజ పట్టదు. మైలుతుత్తంలో ఉన్నది రాగే. డబ్బా కారిన మేరకే పైరు తిన్నది.”

“డబ్బాకి మాటు వేయించుకోమని మొత్తుకునేదాన్ని. రేపు, రేపు అనేవాడు. ముప్ఫై ఏళ్ల రేపు!” నవ్వబోయి ఆగింది అత్త. “చేనంతా కొడతావా?”

“వెనక వచ్చిన పిలకలు ఇంకా వెన్ను తీయలేదు, పొట్టలోనే ఉన్నాయి. ఇప్పుడైతే దక్కుతాయి.”



మైలుతుత్తం పలచగా కలిపి, ఆకు మాడకుండా సున్నం చేర్చి, సాయంత్రం గాలి తగ్గాక కోడలు ఆ డబ్బానే భుజానికెత్తుకుంది. నడుస్తుంటే వెనక టప్, టప్. రెండుసార్లు తిరిగి చూసింది. ఎవరూ లేరు.

మూడు వారాలకు వెనక వెన్నుల్లో పాలు పట్టాయి. చేనంతా ఒకే పచ్చన. కొడుకు ట్రాక్టరు ఊసెత్తలేదు.

అత్త గట్టు మీద నిలబడి చాలాసేపు వెతికింది.

“గీతేదే?”



అత్త మొదటిసారి చేలోకి దిగింది. నిమ్మతోట మూల నుంచి బావి వైపు, కళ్లు నేల మీద పెట్టి నడిచింది. సగం దూరంలో, ఏమీ లేని చోట, పక్కకు తిరిగి చుట్టి వెళ్లింది.