మూల కత్తిరించని ఫోటో

మా ఆయన పోస్టాఫీసులో గుమాస్తా. వారమంతా కవర్ల మీద ముద్రలు గుద్దుతాడు. ఆదివారం తెల్లవారకముందే కెమెరా మెడలో వేసుకుని ఏటికి పోతాడు. ఆయన ముందు ఫ్లాష్ అనే మాట ఎత్తకూడదు. "జంతువు కళ్లలో దీపం కొట్టేవాడు ఫోటోగ్రాఫరే కాదు, ఎండ చాలు," అంటాడు. అప్పుడే పొడిచిన ఎండ వీపుకి తగిలేలా, పొదలకు వీపు పెట్టి కూర్చుని, ఎదురుగా నీటి అంచున ఆడుకునే నీటికుక్కలను తీస్తాడు. వాటి మీసం మీద నీటిబొట్టు కూడా కనిపించాలట. నా నుదుటి మీద దెబ్బ తగిలి వారమైనా ఆ మనిషికి కనిపించలేదు.

ఆ ఎండతో ఒక చిక్కుంది. సూర్యుడు వెనకుంటే మనిషి నీడ ముందుకు పడుతుంది. ప్రతి ఫోటోలోనూ కింద మూల ఆయన టోపీ నీడ ఉండి తీరుతుంది. ఇంటి కింద గదిలో నాకు ప్రింటింగ్ షాపుంది. ఆ మూల కత్తిరించి ప్రింటు తీయడం నా వంతు. "ఏళ్ల తరబడి మీ నీడ కత్తిరిస్తున్నాను, ఎంతకీ తరగదేం," అంటే నవ్వేవాడు.

ఈ ఆదివారం పాపను కూడా తీసుకెళ్లాడు. ఏడేళ్ల పిల్ల. వెంట రావాలంటే కదలకుండా కూర్చోవడం రావాలని వారం రోజులు ముందుగదిలో పీట వేసి మరీ నేర్పించాడు.

"అమ్మ పిలిచినా సరే, ఎవరు పిలిచినా సరే, నేను భుజం తట్టేదాకా కదలకూడదు. కదిలావో, మళ్లీ తీసుకెళ్లను."

"ఈగ వాలితే?"

"వాలనీ."

నిజంగానే ముక్కు మీద ఈగ వాలినా అది కదల్లేదు. చూసి మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

వాళ్లు వెళ్లాక నిద్ర పట్టలేదు. షాపు తెరిచి కూర్చున్నాను. క్యాలెండర్ వేసేవాళ్లు, ఆయన పోయిన వారం తీసిన ఫోటో ఒకటి మూలలు కత్తిరించకుండా పంపమన్నారు. అందుకని మొదటిసారి ఆ మూలను తీరిగ్గా చూశాను. టోపీ నీడ పక్కన ఇంకో నీడ. గుండ్రటి తల, పైన రెండు పొట్టి చెవులు.

ఏదో మొద్దు అయ్యుంటుందనుకున్నాను. అయినా మనసు ఊరుకోక వెనకటి వారాలవి తెరిచాను. ఆరు ఆదివారాలు. మొదటి వారం అది ఫోటో అంచున, టోపీకి ఎంతో దూరంలో ఉంది. తర్వాతి వారం కాస్త ఇటు. ఆ తర్వాత ఇంకాస్త. మొద్దుకి చెవులుండవు, మొద్దు వారానికింత చొప్పున జరగదు. నేను ప్రతి వారం దాన్ని కూడా కలిపే కత్తిరించి పారేశాను. ఒక్కసారి, ఒక్కసారి చూసి ఉంటే.

బల్ల మీద అడవి గార్డు శుక్రవారం ప్రింటు వేయించుకున్న కాగితాలు కట్టగా ఉన్నాయి. ఏటి ఒడ్డున చిరుత తిరుగుతోంది, ఎవరూ వెళ్లవద్దు అని. సోమవారం వచ్చి అంటిస్తానని వదిలేసి పోయాడు. వేసింది నేనే. అక్షరాల సైజు చూశాను గానీ అందులో ఏముందో బుర్రకెక్కించుకోలేదు.

ఆయన ఫోన్ ఎప్పటిలాగే ఆపేసి ఉంది. గార్డుకి చేశాను, ఎత్తలేదు. షాపు తలుపైనా వేయకుండా స్కూటర్ తీశాను.

వాళ్లు పోయింది కాలిబాటన. స్కూటర్ పోయే రోడ్డు వాళ్లు కూర్చునే చోటికి అవతలి ఒడ్డుకే పోతుంది. అక్కడ దిగేసరికి ఎండ సూటిగా నా కళ్లలో పడింది. ఎదుటి ఒడ్డున పొదలన్నీ ఒకటే నల్లటి ముద్ద. మా వాళ్లిద్దరూ దాని ముందు రెండు నల్లటి మచ్చలు. ఇసుక మీద నీడలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఒకటి టోపీది. పక్కన రెండు జడలున్న చిన్నది, నేను పొద్దున చీకట్లో దువ్వి వేసిన జడలు. ఆ జడలకు ఆనుకుని, మూడోది.

"ఏమండీ, లేవండి. మీ వెనకాల చిరుత ఉంది."

మధ్యలో ఏటి హోరు. ఆయన కెమెరా నుంచి కన్ను తీయకుండానే ఎడమ చెయ్యెత్తి ఊరుకోమని ఊపాడు. నా కేకకి నీటికుక్కలు బుడుంగున మునిగిపోయాయి. అప్పుడు తలెత్తాడు.

"ఏంటే నీ గోల? గంట నుంచి కూర్చున్నాం. అంతా పాడు చేశావు."

నా వైపే చూస్తున్నాడు. వెనక్కి చూడడం లేదు.

"పాపా, లేమ్మా. నాన్న ఒళ్లోకి పో."

పిలుపు మాత్రం పాపకు వినిపించింది. ఇసుక మీద జడల నీడ ఒకసారి వణికి మళ్లీ నిలిచిపోయింది. అమ్మ పిలిస్తే ఏం చెయ్యాలో దానికి వారం రోజులుగా నేర్పాం కదా.

"దాని భుజం తట్టండి. మీ కాళ్లు పట్టుకుంటాను, ముందు దాని భుజం తట్టండి," అని అరుస్తూ నీళ్లలోకి దిగాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమంటున్నావని అడిగాడు. మూడో నీడ మీద నిటారుగా ఉన్న రెండు చెవులూ, దూకబోయే పిల్లి చెవుల్లా, వెనక్కి వాలాయి. పాప కదల్లేదు.