నూట నలభై మూడు మంది, ఒక్క పొయ్యి

నూట నలభై మూడు మందికి రెండు గదుల ఇల్లు ఒకటి.

నివేదికలో ఆ వాక్యం దగ్గర నీహారిక ఆగిపోయింది. టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ చదివింది. అంకె మారలేదు.

నీహారిక బరంపురంలోని ఒక సర్వే సంస్థలో ఉద్యోగి. పొలసర అవతల కొండయేటి మీద జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలని ఒక కంపెనీ ప్రతిపాదించింది. కడితే అడవికేమవుతుందో, మనుషులకేమవుతుందో ముందే తేల్చి చెప్పే పని ఈ సంస్థకి దక్కింది. కప్పలకీ, చేపలకీ, పక్షులకీ వేరే నిపుణులు వచ్చారు. మనుషుల లెక్క నీహారికది. మునిగే ఊరు ఒక్కటే, బొంతపల్లి. ఊళ్ళో ఇరవై రెండు ఇళ్ళు. మునిగిపోయే ప్రతి కుటుంబానికీ కొత్త కాలనీలో ఒక ఇల్లిస్తారు.

నివేదిక ప్రకారం ఆ లోయలో పక్షులు తొంభై ఒక్క రకాలు, కప్పలు పద్నాలుగు రకాలు, కుటుంబాలు ఒకటి.

ఆ ఒకటి రాసింది తనే.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం బొంతపల్లికి వెళ్ళింది. ఊరి మధ్య పెద్ద పొయ్యి, దాని మీద గంగాళం, చుట్టూ జనం. చేతిలోని ట్యాబ్ మూడే ప్రశ్నలు అడిగింది. ఎన్ని పొయ్యిలు? ఒకటి. ఎంతమంది తింటారు? నూట నలభై మూడు. బియ్యం తెచ్చిందెవరు? లక్ష్ముడు. అంతే, ఆకుపచ్చ గుర్తు పడింది. ఒక పొయ్యి, ఒక కుటుంబం, పెద్ద లక్ష్ముడు. రెండో ఫారం తెరవబోతే ట్యాబ్ ఒప్పుకోలేదు.

అనుమానం వచ్చి లక్ష్ముణ్ణి అడిగింది కూడా. అతను మీసం దువ్వుకుని, "ఊరంతా ఒకటే కుటుంబం, అమ్మా. మాలో తేడాల్నేవు" అన్నాడు. నీహారిక మురిసిపోయింది. ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబం దేశంలోనే అరుదని ఒక పేరా రాసింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఇళ్ళ లెక్క వేసింది ఇంకో విభాగం. ఆ లెక్క ఆమె కంటపడింది ఇప్పుడే.

రేపు పదకొండు గంటలకి బొంతపల్లి బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ. అక్కడ దిద్దకపోతే ఇక దిద్దే చోటు లేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకి ఆమె స్కూటర్ బొంతపల్లిలో ఆగింది. మొదట కనబడింది అచ్చమ్మ. ఊళ్ళో అందరికన్నా పెద్ద గొంతు ఆమెదే. చింతపండు పిసుకుతూ సంగతంతా విన్నది.

"ఓలమ్మో! ఆ దినం దండోళ్ళు వచ్చినారు గదే గుంటా! సైత్రమాసంలో మొక్కుకున్నోళ్ళు ఊరూరా ఎండలో దండాలెట్టుకుంటా వొస్తారు. ఆళ్ళు మా ఊళ్ళో అడుగెట్టిన దినం ఎవురింటా పొయ్యి ఎలిగించకూడదు. ఊరికంతా ఒకే పొయ్యి. ఏడాదికి ఒకే దినం."

"ఆ ఒక్క రోజే నేనొచ్చాను" అంది నీహారిక.

"నాలుగు దినాలాగి వొస్తే నీ సొమ్మేటి పోయింది? ఇంతకీ మా కుటుంబానికి పెద్దెవుడని రాసినావు?"

నీహారిక నేల చూస్తూ చెప్పింది. "లక్ష్ముడు."

అచ్చమ్మ చేతిలోని చింతపండు గిన్నెలో పడింది. లక్ష్ముడు ఆమె మరిది.

"ఈడా! ఈడు నాకు పెద్దా? కళ్ళం మీంచి పిట్టని తోలమంటే పిట్ట ఈణ్ణి తోలింది!"

లక్ష్ముడు అరుగు మీద కూర్చుని అంతా వింటున్నాడు. "ఒకటేనంటే గొప్పగా ఉంటాదని అన్నాను, వదినా. అతిథికి మన తగూలు సెప్పుకుంటామేటి?"

"ఆనకట్ట వొద్దని ఎలాగూ సెప్తాం. అది వేరే మాట" అంది అచ్చమ్మ చెయ్యి కడుక్కుంటూ. "కట్టీసినా మటుకు, నూట నలభై మందిమి రెండు గదుల్లో ఎలాగుంటాం? నిలబడి తొంగుంటామా?"

నీహారిక ఒక్కటే జాగ్రత్త చెప్పింది. కంపెనీవాళ్ళు బడి దగ్గర భోజనాలు పెడుతున్నారు, ఫొటోగ్రాఫర్‌ని కూడా తెచ్చారు. ఊరంతా ఒకే గంగాళం నుంచి తింటున్న ఫొటో ఒకటి చాలు వాళ్ళకి. అందుకని ఎవరి క్యారేజీ వాళ్ళే తెచ్చుకోవాలి.

"ఆళ్ళెట్టేది మాంసమా?" అడిగాడు లక్ష్ముడు.

"ఒరే!" అంది అచ్చమ్మ.

పదకొండుకి జీపులు దిగాయి. ఛత్రపూర్ నుంచి వచ్చిన విచారణాధికారి వెంకటరమణమూర్తి కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. కంపెనీ మేనేజర్ ఢిల్లీశ్వరరావు చేతిలో నివేదిక, మొహం మీద చిరునవ్వు. వేదిక వెనకాల గంగాళంలో మాంసం ఉడుకుతోంది. గాలి ఊరివాళ్ళ వైపే వీస్తోంది.

ఆనకట్ట వద్దని ఆరుగురు చెప్పారు. గుమస్తా రాసుకున్నాడు. తరవాత నీహారిక మైకు అందుకుంది.

"కుటుంబాల లెక్క తప్పు, సార్. తప్పు నాది. ఆ రోజు ఊళ్ళో పండగ వంట. రోజూ ఇక్కడ ఇరవై రెండు పొయ్యిలు వెలుగుతాయి."

ఢిల్లీశ్వరరావు చిరునవ్వు చెరగలేదు. "సార్, రాసింది ఈవిడే, సంతకం ఈవిడదే. అరుదైన ఉమ్మడి కుటుంబమని పొగిడిందీ ఈవిడే. పేరా చదవమంటారా?"

చదివాడు. మెల్లగా, భావంతో చదివాడు. నీహారికకి తనను కొండయేట్లో ఇప్పుడే ముంచేస్తే బాగుండుననిపించింది.

"కావాలంటే కుటుంబ పెద్దనే అడగండి" అన్నాడు ఢిల్లీశ్వరరావు. మైకు లక్ష్ముడి చేతిలో పెడుతూ చెవిలో గొణిగాడు. "ఇల్లు పెద్ద పేరు మీదే వస్తుంది, లక్ష్ముడు గారూ. తాళం మీదే."

లక్ష్ముణ్ణి జన్మలో ఎవరూ 'గారూ' అనలేదు. అతను ఛాతీ విరుచుకున్నాడు. గంగాళం వైపు చూశాడు. ఊపిరి పీల్చాడు.

"బాబూ, నేను పెద్దనే..."

నీహారిక మైకు వైపు ఒక అడుగు వేసింది.

"ఒరే లక్ష్ముడూ!" ఆడవాళ్ళ వరసలోంచి అచ్చమ్మ గొంతు లేచింది. "పెద్దవైతే నీ పెళ్ళాన్ని నాతో మాటాడమని సెప్పు! పన్నెండేళ్ళయింది మాటాడి!"

అందరి తలలూ అటు తిరిగాయి. లక్ష్ముడు పెళ్ళాం వైపు చూశాడు.

"ఏమే, వదినతో మాటాడవే."

కామాక్షి మెడ అటు తిప్పేసుకుంది. "ముందు రుబ్బురోలు ఇచ్చీమను" అంది పక్కనున్న చెట్టుతో.

"నీ రోలెవులికి కావాలే? దాన్లో రుబ్బిన పచ్చడి కుక్క కూడా ముట్టుకోదు!"

లక్ష్ముడు మైకు వంక చూశాడు. ఛాతీ మామూలు సైజుకి వచ్చింది.

"బాబూ, నా మాట నా ఇంట్లోనే సెల్లదు. నూట నలభై మందికి పెద్దనెలాగవుతాను? ఆ తాళం నాకొద్దు."

జనం ఘొల్లుమన్నారు. అధికారి కూడా కళ్ళజోడు సరిచేసుకునే నెపంతో మొహం దాచుకున్నారు.

ఢిల్లీశ్వరరావు నవ్వలేదు. "ఇదంతా నాటకం, సార్. పొద్దున్నే ఈవిడొచ్చి నేర్పింది. తగాదాలు ఏ కుటుంబంలో లేవు? రూలు రూలే. ఒక పొయ్యి, ఒక కుటుంబం. ట్యాబ్ ఒప్పుకున్నాక మనమెవరం కాదనడానికి?"

వెంకటరమణమూర్తి గడియారం చూసుకున్నారు. "రూలైతే అదే. భోజనాలయ్యాక చెబుతాను."

ఊరివాళ్ళు ఎవరి క్యారేజీలు వాళ్ళు విప్పుకున్నారు. లక్ష్ముడు గంగాళానికి వీపు పెట్టి కూర్చుని చారన్నం కలుపుకున్నాడు. ఫొటోగ్రాఫర్‌కి తీయడానికేమీ దొరక్క అతనూ విస్తరి ముందు కూర్చున్నాడు. అధికారి, గుమస్తాలు, డ్రైవర్లు, కంపెనీ ఇంజినీర్లు, కప్పల నిపుణుడు, అందరూ ఒకే వరసలో మాంసం భోజనం చేశారు.

నీహారిక ట్యాబ్ తీసి, వాళ్ళని ఒక చివర నుంచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

చేతులు కడుక్కుని వచ్చిన వెంకటరమణమూర్తి ముందు దాన్ని పెట్టింది.

"రూలైతే అదే అన్నారు కదా, సార్. నింపాను. పొయ్యి ఒకటి. తిన్నవారు ముప్పై ఎనిమిది. బియ్యం తెచ్చింది ఢిల్లీశ్వరరావు గారు. ట్యాబ్ ఒప్పుకుంది."

తెర మీద ఆకుపచ్చ గుర్తు మెరుస్తోంది. కుటుంబం, ఒకటి. పెద్ద, ఢిల్లీశ్వరరావు.

అధికారి తెర మీద వేలు జరుపుతూ చదివారు. "ఇందులో నేనెక్కడ?"

"నాలుగో వరస, సార్. పెద్ద మీద ఆధారపడిన సభ్యులు."

"ఏమిటీ?"

"సొంత పొయ్యి లేదు కాబట్టి."

ఢిల్లీశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఇది తమాషా! ఒక్క పూట కలిసి తింటే కుటుంబమైపోతుందా?"

అనేశాక అతనికి అర్థమైంది. అప్పటికే గుమస్తా ఆ మాట రాసేసుకున్నాడు.

"అదే మాట పొద్దున్నుంచి ఆ అమ్మాయి చెబుతోంది" అన్నారు వెంకటరమణమూర్తి. "నా భార్య ఛత్రపూర్‌లో ఉంది. ఈ ట్యాబ్ ఆవిడ చూస్తే నాకు నిజంగానే సొంత పొయ్యి ఉండదు. ముందు నన్ను ఇందులోంచి తీసెయ్యమ్మా. గుమస్తా, రాసుకో. పాత లెక్క రద్దు. పండగ కాని రోజున, ఇల్లిల్లూ తిరిగి, కొత్తగా లెక్క పెట్టాలి. అది తేలేదాకా నివేదిక నా బల్ల దాటదు."

పదిహేను రోజుల తరవాత ఒక మంగళవారం నీహారిక మళ్ళీ వచ్చింది. దండోళ్ళు లేరు, పెళ్ళిళ్ళు లేవు, అంతా ముందే కనుక్కుని వచ్చింది. గడప గడపా ఎక్కి, పొయ్యి పొయ్యీ కళ్ళతో చూసి రాసింది. ఇరవై రెండు. ఉమ్మడి కుటుంబం పేరా కొట్టేసింది.

ఆఖరి ఇల్లు అచ్చమ్మది. ఫారం నింపుతూ ఉండగా పెరటి గోడ మీద ఒక చెయ్యి కనబడింది. పచ్చడి గిన్నె గోడ మీద పెట్టి మాయమైంది. అచ్చమ్మ లేచి, పచ్చడి తీసుకుని, అదే గిన్నెలో పులుసు పోసి గోడ మీద పెట్టింది. చెయ్యి మళ్ళీ వచ్చి గిన్నె పట్టుకుపోయింది.

"అది కామాక్షి గారి పచ్చడా?" అడిగింది నీహారిక.

"రోలు నా కాడుంటే పచ్చడెక్కడిది దానికి? మిక్సీలో కొట్టింది" అంది అచ్చమ్మ నాలుక మీద వేసుకుని. "ఉప్పు సాల్నేదు. అలా సూస్తావేటి? రాసుకో, రాసుకో. రెండు పొయ్యిలు!"