మైకు బాగుచేసిన రోజు

ఆరో రోజు మధ్యాహ్నం దాలయ్య పాడైపోయిన ఊరి మైకుసెట్టు ఆంప్లిఫయర్‌ను చంకన పెట్టుకుని హరిబాబు కొట్టుకు వచ్చాడు. కళింగపట్నం మత్స్యకారులకు దాలయ్య పెద్ద. హరిబాబు అక్కడే రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. అతని తమ్ముడు లక్ష్ముడు మరో ఇద్దరితో వేటకు వెళ్లిన పడవ ఆరు రోజులైనా ఇంకా రాలేదు. వెతకడానికి వచ్చిన హెలికాప్టర్ నిన్ననే వెనక్కి వెళ్లిపోయింది. ఈ ఆరు రోజులూ ఊరి పడవలన్నీ వాళ్లను వెతుకుతూనే ఉన్నాయి, ఎవరూ వల వెయ్యలేదు.

"ఐదింటికి సెప్పాల్రా" అన్నాడు దాలయ్య. "ఎతకడం ఆపేస్తన్నామని. రేపట్నించి వేటకెళ్లొచ్చని."

"సరే మావా."

"నీ సేత సేయించకూడదు. శీకాకులం పట్టుకెళ్తే రెండ్రోజులవుద్ది. అందరిళ్లల్లోనూ బియ్యం నిండుకున్నాయి."

"అక్కడ పెట్టేసి ఎళ్లు మావా."

హరిబాబుకు ఏడుపు రాలేదు. ఈ ఆరు రోజుల్లో ఒక్కసారీ రాలేదు. వేళకు తింటున్నాడు, పడుకుంటే నిద్ర పడుతోంది. తనకేమయిందో అతనికే తెలియడం లేదు.

మూత విప్పాడు. ఫ్యూజు మాడి నల్లగా ఉంది. కొత్తది వేసి, కరెంటు నేరుగా ఇవ్వకుండా మధ్యలో వంద వాట్ల బల్బు తగిలించాడు. బల్బు నిండుగా వెలిగింది. లోపలెక్కడో షార్టు ఉంది. మీటరు పెట్టి చూస్తే నాలుగు పెద్ద ట్రాన్సిస్టర్లలో రెండు పోయాయి. వాటిని ఊడదీసి కొత్తవి అతికించాడు.

అప్పుడు రాణి వచ్చి గుమ్మంలో నిలబడింది. లక్ష్ముడి భార్య.

"బావా, అది బాగయిపోతాదా?"

"అయితాది."

"సెయ్యకు."

హరిబాబు మళ్లీ స్విచ్చి వేశాడు. ఈసారి బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. కాసేపటికి మెల్లగా ఎర్రబడడం మొదలుపెట్టింది. వేలు పెట్టి చూస్తే కొత్త ట్రాన్సిస్టర్లు కాలుతున్నాయి. వెంటనే ఆపేశాడు. వాటికి వెళ్లే కరెంటును అదుపులో పెట్టే చిన్న బిళ్ల ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి ఉంది. మొదటివి మాడిపోవడానికి కారణం అదే.

"ఇది ఇలా వదిలేసి ఇచ్చేస్తే, రెండు మాటలు పలికి మళ్లీ మాడిపోద్ది" అన్నాడు. "నేను సేసిన పనని ఎవుడికీ తెలీదు."

"అలాగే ఇచ్చియ్యి బావా."

అతను స్క్రూడ్రైవరు మొనతో ఆ పచ్చ చిలుమును గీకాడు.

"ఇచ్చేస్తే ఆడొస్తాడేటి, రాణీ?"

ఆమె లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. హరిబాబు బిళ్ల మార్చి, మీటరు చూస్తూ సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని కొంచెం కొంచెంగా తిప్పాడు. పావుగంటసేపు అలాగే ఆన్‌లో ఉంచాడు. బల్బు ఎర్రబడలేదు. ట్రాన్సిస్టర్లు గోరువెచ్చగా మాత్రమే ఉన్నాయి. రాణి కూడా చెయ్యి చాచి వాటిని ముట్టుకుని చూసింది.

ఐదింటికి వైర్లు తగిలించింది కూడా అతనే. దాలయ్య మైకు పట్టుకున్నాడు గానీ, ముగ్గురి పేర్లలో రెండు చెప్పి ఆగిపోయాడు. హరిబాబు అతని చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మా తమ్ముడు లక్ష్ముడు" అన్నాడు. "ఎతకడం ఆపేస్తన్నాం. రేపట్నించి అందరూ వేటకెళ్లండి."

తన గొంతు ఊరంతా వినబడుతుంటే అది ఇంకెవరిదోలా ఉంది. మైకు కట్టేసి ఇంటికి వెళ్లి తల్లి అమ్మడు పక్కన కూర్చున్నాడు. ఆమె కంచంలో అన్నం పెట్టింది. తిన్నాడు.

మర్నాడు పొద్దెక్కాక పడవలు తిరిగొచ్చాయి. కవళ్ల చేపలు బాగా పడ్డాయి. హరిబాబు ఒడ్డున ఊరికే నిలబడి ఉంటే, రాణి నిండు గంపతో వచ్చి అతని ముందు దింపింది.

"ఎండబెట్టడానికి ఇచ్చినారు" అంది. "ఓ సెయ్యెయ్యి బావా."

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తారు. గంప ఆమె తలమీద కుదురుకునే దాకా అతను చెయ్యి తియ్యలేదు.